స్టేషన్ మాస్టరుకి మా వీధి భోజనాలు

మా ఎదురింటి సీతారామలక్ష్మి పిన్నిగారికి నవలల్లో మనుషులంతా సొంత బంధువులే. కథానాయకుడికి ఉద్యోగం వస్తే వీధంతా లడ్డూలు పంచుతారు. విలన్ పేరున్న పాపానికి పాలవాడికి వారం రోజులు గేటు తీయలేదు. ఓసారి ఎవరో అమ్మాయి మంచుకొండల్లో తప్పిపోయిందని రావులపాలెం ఎండల్లో ఫ్యాను కట్టేసి కూర్చున్నారు. భర్త సూర్యప్రకాశం గారు పురోహితులు, ఓర్పు గల మనిషి. చెమట తుడుచుకుంటూ, "దొరికిందా అమ్మాయి?" అని పేజీకోసారి అడిగారు.

మొన్న వేసవి సెలవుల్లో ఆవిడ మా శ్రీదుర్గకి ఒక పిల్లల నవల చదివి వినిపించడం మొదలుపెట్టారు. అందులో ఇద్దరు స్నేహితురాళ్లు పెరట్లో ఉత్తుత్తి రైల్వేస్టేషను నడుపుతారు. మా పిల్ల అప్పటికే మాట తగ్గించేసింది. దాని ప్రాణస్నేహితురాలు బేబీ జ్వరమొచ్చి పోయింది. బెంగ పెరుగుతుందని మేమెవరం ఆ పేరెత్తేవాళ్లం కాదు. అది ఒక్కసారి కూడా ఏడవలేదు. అదే మా భయం.

ఓ మధ్యాహ్నం ఎదురింట్లోంచి ఏడుపు వినిపిస్తే పరుగెత్తాను. పిన్నిగారు ముక్కు చీదుకుంటున్నారు.

"పోయిందమ్మా, బంగారుతల్లి."

"ఎవరండి?"

"స్టేషన్ మాస్టరు."

పోయింది నవల్లో పిల్ల అని నాకు అర్థమయ్యేలోపే వీధివీధంతా మొహాలు వేలాడేసుకుని వచ్చేసింది. ఒకాయనైతే పెన్షన్ ఎవరికొస్తుందని కూడా వాకబు చేశాడు.

"ఆదివారం భోజనాలు పెట్టాలండి," అన్నారు పిన్నిగారు భర్తతో.

"చిన్నపిల్లలకి కర్మలుండవే."

"అందుకేనండి. తోటిపిల్లలు ఏడవడానికి ఓ రోజంటూ ఉండొద్దూ?"

ఆదివారం విస్తళ్లు వేశారు. గారెలు వడ్డిస్తుంటే శ్రీదుర్గ తల వంచుకునే అంది:

"బేబీకి గారెలు నచ్చవు అమ్మమ్మగారూ. నూడుల్సే ఇష్టం."

అని భోరుమంది. ఆవిడ దాన్ని ఒళ్లోకి లాక్కుని, "ఇంకా చెప్పు," అన్నారు. సాయంత్రం దాకా బేబీ కబుర్లే చెప్పింది. మధ్యలో నవ్వింది కూడా. నా గుండెల మీంచి బరువు దిగిపోయింది.

"పాపం, ఆ నవల చదివి పిన్నిగారు ఎంత బాధపడ్డారో," అన్నాను సూర్యప్రకాశం గారితో.

"ఆ స్టేషన్ మాస్టరు మా ఇంట్లో మొదటిసారి పోయి పన్నెండేళ్లయిందమ్మా," అన్నారాయన నింపాదిగా. "మీ దుర్గ కోసమని అటకంతా వెతికి ఆ పుస్తకం మళ్లీ తీసింది మీ పిన్ని."

పై ఆదివారం ఆ ఇంట్లో బేబీ పేరు చెప్పి అరిటాకుల్లో నూడుల్స్ వడ్డించారు. సూర్యప్రకాశం గారు ఓ పోగు పైకెత్తి అటూ ఇటూ చూసి, "దీనికి నెయ్యి ముందు వేసుకోవాలా, తరవాతా?" అని శ్రీదుర్గని అడిగారు. అది నవ్వాపుకోలేక విస్తరి ముందునుంచి లేచిపోయింది.