స్పేర్ లేకుండా రువైస్ దాకా

తొమ్మిదేళ్ళుగా నా నడుముకి ఇన్సులిన్ పంపు ఉంది. మధుమేహం అంతకంటే పాతది, ఇరవై రెండో ఏట రాజోలులో ఉండగా బయటపడింది. పంపుతో నాకు పేచీ లేదు, పేచీ అంతా ఇన్ఫ్యూజన్ సెట్‌తోనే. చర్మంలోకి దిగే సన్నటి మెత్తని గొట్టం, దాన్ని పట్టి ఉంచే గుండ్రటి ప్లాస్టరు, అక్కడినుంచి పంపు దాకా ఒక ట్యూబు. సెట్ అంటే ఇంతే. మూడు రోజులకోసారి దాన్ని పీకి, కొత్తది కొత్త చోట గుచ్చుకోవాలి. దోహా ఎండలో రెండో రోజే చెమటకి ప్లాస్టరు లేచిపోవడం కూడా మామూలే. మా ఆవిడ సలోమి నర్సు. అందుకని పంపు పెట్టినప్పటినుంచి నన్ను ఒంటరిగా ఊరు దాటనివ్వలేదు.

నవంబరులో మా డాక్టరు ఏడు రోజులుండే సెట్లు రాసిచ్చారు. రెండు వారాలు ఇంట్లోనే వాడి చూశాను. ఏడో రోజు కూడా షుగరు బుద్ధిగానే ఉంది. డిసెంబరులో నాలుగు రోజుల సెలవులు కలిసి రాగానే, ఖతర్ ఉత్తరం కొసన ఉన్న రువైస్‌కి ఒక్కణ్ణే వెళ్ళొస్తానని ప్రకటించాను.

 "సరే, వెళ్ళండి. కానీ పంపు గొడవతో నాకు ఫోన్ వచ్చిందనుకోండి, ఇక జన్మలో ఒంటరి ప్రయాణం మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటారా?" అంది సలోమి.

ఒప్పుకున్నాను. ఒక స్పేర్ సెట్, నాలుగు సిరంజీలు ఉన్న చిన్న సంచిని ఆమె నా బ్యాగులో పెట్టింది. ఆమె వంటింట్లోకి వెళ్ళగానే నేను దాన్ని తీసి బీరువాలో పెట్టేశాను. ఏడు రోజులుండే సెట్‌కి నాలుగు రోజుల ప్రయాణంలో స్పేరెందుకని నా ధీమా. ఇంత గొప్ప ఆలోచన చేసిన బుర్రని ఇప్పుడు ఏమనాలో తెలియడం లేదు.

మంగళవారం సాయంత్రం కొత్త సెట్ పెట్టుకున్నాను. బుధవారం ఉదయం ఏడుంపావుకి అల్ మన్సూరాలో మెట్రో ఎక్కాను. టికెట్టు రెండు రియాళ్ళు. ముషైరిబ్‌లో రెడ్ లైన్‌కి మారి, చివరి స్టేషన్ లుసైల్‌లో దిగి, ఉత్తరం వెళ్ళే బస్సు పట్టుకున్నాను. వెళ్ళేవాళ్ళు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మరిచిపోకండి.

పక్క సీట్లో అల్ ఖోర్ వెళ్తున్న నేపాలీ మేస్త్రి. నా నడుము దగ్గర పంపు కూతపెట్టగానే, "యే క్యా హై భాయ్, ఛోటా మొబైల్?" అన్నాడు. మందు ఎక్కించే మిషనని చెప్పాను. దాన్ని జాలిగా చూసి, "బేచారా, ఛుట్టీ మే భీ డ్యూటీ!" అన్నాడు. సెలవు రోజు కూడా దానికి డ్యూటీ తప్పలేదని అతని బాధ. ఇద్దరం నవ్వుకున్నాం.

పదింటికి రువైస్‌లో దిగేసరికి రాజన్న పికప్ వేసుకుని వచ్చి ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, మా కంపెనీలో పాత డ్రైవరు. ఇప్పుడు దగ్గర్లోనే ఒక మజ్రాలో, అంటే ఖతరీ యజమాని తోటలో, పని చూస్తున్నాడు. నా బస అక్కడే. కీరా, టమాటా మడులు, పది మేకలు, రేకుల గది, గది ముందు రెండు మంచాలు. డిసెంబరు గాలి హాయిగా ఉంది.

"ఊర్ల మావోళ్ళు ఇప్పటికీ నేను దుబాయ్ల ఉన్ననే అంటరు సారూ. ఖతర్ అని చెప్పి చెప్పి ఇడిసిపెట్టిన," అన్నాడు రాజన్న, ఖుబూస్ రొట్టెలోకి టమాటా తొక్కు వేస్తూ. రెండు ఖుబూస్‌లకి సరిపడా ఇన్సులిన్ కోసం పంపు మీట నొక్కి తిన్నాను. మూడోది తిని మళ్ళీ నొక్కాను. తొక్కు అలా ఉంది మరి.

గురువారం ఎనిమిదింటికి జుబారా కోటకి వెళ్ళాం. ఎడారి మధ్యలో నాలుగు మూలలా బురుజులతో, ఒక్కటే నిలబడి ఉంటుంది. లోపల గదులు చల్లగా ఉన్నాయి. నీళ్ళు, తిండి వెంట పెట్టుకోండి, చుట్టుపక్కల ఏమీ దొరకవు. కోట వెనక ఇసుకలో గంటన్నర ఒక్కణ్ణే నడిచాను. ప్లాస్టరు అంచు కూడా కదల్లేదు. తొమ్మిదేళ్ళలో సెట్‌కి ఎన్నో రోజో లెక్కపెట్టకుండా నేను గడిపిన మొదటి రోజు అదే. ఎంత సంతోషం వేసిందంటే, ఎవరూ లేరు కదా అని గట్టిగా ఒక పాట కూడా పాడాను.

శుక్రవారం ఉదయం ఆరున్నర. స్నానానికి వెళ్ళి, ట్యూబు విడదీసి, పంపుని గూట్లో పెట్టాను. సగం నిద్రలో ఉన్నాను. మూడో రోజు పొద్దున్న స్నానం అంటే తొమ్మిదేళ్ళుగా నా వేళ్ళకి ఒకటే పని. అవి ప్లాస్టరు అంచు వెతుక్కుని, గోరుతో లేపి, సెట్‌ని శుభ్రంగా పీకేశాయి. ఇంట్లో ఆ రెండు వారాలూ సలోమి బాత్రూము అద్దం మీద "ఈ రోజు కాదు" అని కాగితం అంటించి ఉంచింది. ఇక్కడ అద్దమే లేదు.

అరచేతిలో సెట్ కొత్తదానిలా మెరుస్తోంది. చర్మంలోకి గుచ్చే సూది పెట్టినరోజే పారేస్తాం, కాబట్టి తిరిగి పెట్టడం కుదరదు. నా ఒళ్ళు ఇన్సులిన్ తయారుచేసుకోదు. పంపు ఆగితే గంటల్లోనే షుగరు ఎగబాకుతుంది. 

మంచం మీద బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. రాజన్న చాయ్ గ్లాసులతో వచ్చాడు.

"ఏమైంది సారూ? అట్ల కూసున్నరేంది?"

చెప్పాను. అతను లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు. అందులో ఇన్సులిన్ సిరంజీల కొత్త ప్యాకెట్టు ఉంది.

"నాకు గూడ షుగరే. మూడేండ్లాయె. హెల్త్ సెంటర్ల ఇస్తరు."

నాకు ప్రాణం లేచొచ్చింది. పంపు రిజర్వాయర్‌లో వారానికి సరిపడా ఇన్సులిన్ ఉంది. దాన్నే సిరంజిలోకి తీసుకుని, రెండు మూడు గంటలకోసారి పొడుచుకుంటూ శనివారం దాకా నెట్టుకురావచ్చు. సలోమికి ఫోన్ చేయక్కర్లేదు. నా ఒంటరి ప్రయాణాలు నాకే ఉంటాయి. ఆ మాటే రాజన్నతో అన్నాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "మా ఇంటిదానికి ఇయ్యాల్టిదాంక చెప్పలే సారూ. దినాం ఫోన్ల 'మంచిగున్నవా' అని అడుగుతది. మంచిగున్న అంట. సూది నొప్పి ఏం లేదు. గా మాట అన్నప్పుడే నొస్తది."

ఏడు దాటింది. జబ్బకి అంటించుకున్న సెన్సారు ఫోన్‌కి పంపే షుగరు అంకె పక్కన బాణం పైకి తిరిగింది. సలోమికి ఫోన్ చేసి, రాజన్న ఇచ్చిన సిరంజీలతో సహా జరిగింది చెప్పాను.

"మీరే పీకేశారా?" అంది. తర్వాత ఒక్క క్షణంలో ఇంటావిడ పోయి నర్సు వచ్చింది. "సిరంజి మూత ఏ రంగండీ? ఎరుపా, ఆరెంజా?"

"ఆరెంజి."

"అయితే దాని మీది గీతల కొలత మన ఇన్సులిన్‌కి సరిపోతుంది. ప్యాకెట్టు విప్పలేదుగా? నేను చెప్పినంతే తీయండి. ఈ రోజు నాకు ఆఫ్. సెట్ పట్టుకుని నేనే బయల్దేరుతున్నాను." బీరువాలో చూడమని నేనింకా చెప్పనేలేదు. "ఆ సంచి నాకు మొన్నే కనబడిందిలెండి," అని పెట్టేసింది. తల కొట్టేసినట్టయింది.

తను చెప్పిన కొలత ప్రకారమే పొడుచుకున్నాను. పదింటికల్లా షుగరు దిగడం మొదలైంది. నేను మాత్రం బట్టలు సర్దుకున్నాను. జుమైల్ అనే పాడుపడ్డ పల్లె, రువైస్ రేవు ఇంకా చూడనే లేదు. ఇక ఒంటరి ప్రయాణం ముగిసినట్టే, పందెం పందెమే.

మధ్యాహ్నం ఒకటిన్నర బస్సులో సలోమి దిగింది. ముందు కుశలం లేదు, చివాట్లు లేవు. గదిలోకి తీసుకెళ్ళి, పొట్టకి కుడివైపు స్పిరిట్ పూసి, కొత్త సెట్ పెట్టి, పంపు కలిపి, ఫోన్‌లో అంకె చూసింది. రాజన్న వండిన మేక కూర ఇద్దరం తిన్నాం. అతని షుగరు గురించి ఆమె అరగంట అడిగింది. అతను బడి పిల్లాడిలా బదులిచ్చాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదని తెలిసి, "ఇంటికి ఫోన్ చేసి చెప్పండన్నా," అంటే, "చేస్త చెల్లె, ఇయ్యాలనే," అన్నాడు.

మూడున్నరకి నా బ్యాగు భుజాన వేసుకున్నాను.

"ఇదెందుకు సర్దారు?" అంది సలోమి.

"నీతో వచ్చేస్తున్నాగా. ఫోన్ చేశాను, ఓడిపోయాను."

"సెట్ ఊడలేదు, తెగలేదు. మీరు పీకేసుకున్నారు. పీకేసుకుని దాచకుండా నాకు చెప్పారు. నేను భయపడ్డది సెట్‌కి కాదండీ, మీరు దాచుకుంటారని." నా భుజం మీంచి బ్యాగు దించి మంచం మీద పెట్టింది. నేను ఇంట్లో బీరువాలో దాచిన ఆ సంచిని తన చేతి సంచిలోంచి తీసి దాని పక్కన పెట్టింది. "ఇది మాత్రం మళ్ళీ ఇంటికి పంపకండి. సముద్రం చూసి రండి."

నాలుగింటి బస్సు ఎక్కి ఒక్కతే వెళ్ళిపోయింది. నాకోసం అంత దూరం వచ్చి, నన్ను వెంట తీసుకెళ్ళకుండా వెళ్ళిన మనిషిని చూస్తూ రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాను. కళ్ళు చెమర్చాయి. రాజన్న పికప్‌లో ఫోన్ చెవికి పెట్టుకుని మెల్లగా ఏదో చెబుతున్నాడు.

శనివారం పొద్దున్న జుమైల్ చూశాం. కప్పుల్లేని ఇళ్ళ మధ్య ఒక మినారు ఇంకా నిలిచి ఉంది. అక్కడినుంచి రువైస్ రేవుకి వెళ్ళాం. చెక్క పడవలు, ఆరబెట్టిన వలలు, రాళ్ళ మీద కొంగలు. మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చున్నాను. మీరూ వెళితే అక్కడ కూర్చోవడానికే ఎక్కువ సమయం ఉంచుకోండి. పంపు వాడేవాళ్ళయితే సెట్ ఎన్ని రోజులదైనా సరే, ఒక స్పేరు, ఒక సిరంజి మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి.

మూడింటి బస్సులో కిటికీ సీటు దొరికింది. ఏడు రోజుల సెట్ నాకు ఇచ్చింది నాలుగు అదనపు రోజులేనని అనుకునేవాణ్ణి. అల్ ఖోర్ దాటుతుండగా ఫోన్ మోగింది. ఇన్నేళ్ళుగా నేను బయటికి వెళ్తే సలోమి దగ్గరనుంచి వచ్చే మెసేజి ఒకటే, "షుగరెంత?" అని. ఈసారి, "సముద్రం ఎలా ఉంది?" అని ఉంది.

జవాబు రాయడం మొదలుపెట్టాను. లుసైల్ వచ్చేదాకా రాస్తూనే ఉన్నాను.