కొత్తపేటలో నీళ్ళ లెక్క

మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరమ్మ, మందు అణువు ప్రోటీన్ గూట్లో ఎలా కుదురుకుంటుందో, అప్పుడు ఆ గూట్లోని నీళ్ళు ఏమవుతాయో టీ తాగేలోపు ల్యాప్‌టాప్‌లో చూపించేసరికి, బాగుందమ్మా అని మాత్రం అనగలిగి, స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

నా పీహెచ్‌డీ అంతా ఆ నీళ్ళే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. మాది నల్గొండ పక్క ఊరు. కొత్తపేటలో అన్నావదినలతో కిరాయింట్లో ఉండేదాన్ని. మందు ప్రోటీన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టేటప్పుడు, పని తేలికవుతుందని చుట్టూ ఉన్న నీటి అణువులను తీసేసేవాళ్ళం; అలా తీసేసిన నా లెక్కలు ల్యాబ్‌లో కొలిచినదానితో ఎన్నడూ కలిసేవి కావు. ఒక నీటి అణువు గూట్లోనే ఉండిపోయి, మందునూ ప్రోటీన్‌నూ కలిపి పట్టుకుంటోందని నా అనుమానం. నీళ్ళన్నీ తిరిగి పెడితే లెక్క వారాల తరబడి నడవాలి. అంతలో సమ్మె వచ్చింది, క్యాంపస్ మూసేశారు, నా రిజిస్ట్రేషన్ గడువు మాత్రం ఆగలేదు.

పాత కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకుని మొదలుపెట్టాను. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు ఇష్టం వచ్చినట్టు పోయేది. కంప్యూటర్ మధ్యమధ్యలో దాచుకునే ఫైలు నుంచి మళ్ళీ నడిపించుకోవచ్చు గానీ, ఒకనాడు సరిగ్గా అది రాసుకుంటుండగా కరెంటు పోయి, ఆ ఫైలే పాడైంది. మొదటినుంచీ చేయాలి, చేసినా మళ్ళీ ఇదే గతి. వంటింటి గడప మీద కూర్చుని, వదిన ఎంత చెప్పినా ఆపుకోలేక ఏడ్చాను.

పై అంతస్తులో ఉండే ఓనరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన, భర్త పోయిన పెద్దావిడ. ఆమెకు ఇన్వర్టర్ ఉంది. ఆర్టీసీ డ్రైవరైన మా అన్న సమ్మెలో ఉన్నాడు, పొద్దున లేస్తే ఎల్బీనగర్ చౌరస్తాలో బైఠాయింపు. "ఆమెనడుగుడేంది, వద్దు" అన్నాడు. గుంటూరుకు వచ్చెయ్యమని ఆమె చుట్టాలు ఫోన్లు చేస్తుంటే, గొడవలకు భయపడి గుమ్మం దాటడమే మానేసిన మనిషిని ఏమని అడగను? చివరికి ఆమే మెట్లు దిగి వచ్చింది.

"ఫ్యాను లేకపోతే నాకేం కాదమ్మా. వైరు లాగించుకో, ఊరికే ఏడవమాక" అంది.

అన్న నిచ్చెన తెచ్చి తనే వైరు లాగాడు.

లెక్క పూర్తయింది. ఆ నీటి అణువు నేననుకున్న చోటే ఉంది, ఫలితం ల్యాబ్‌తో కలిసింది. క్యాంపస్ తెరవగానే పరుగున వెళితే, మా గైడు గారు మెల్లగా ఒక పేపరు నా ముందు పెట్టారు. ఏ దేశంలోనో ఇంకెవరో అదే గూటి గురించి, అదే నీటి గురించి రాసేశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగాక ఇంటికి పోబుద్ధి కాక, రైతుబజార్‌లో ఏమీ కొనకుండా తిరిగాను. విన్న వదిన "గంత పరేషానైతివి, ఇగ అంతేనా?" అని మాత్రం అడిగింది. డిగ్రీ వచ్చింది గానీ పరిశోధన చేసే ఉద్యోగం ఎక్కడా రాలేదు.

రాష్ట్రం రాకముందే ఓనరమ్మ ఇల్లు అమ్మేసింది. ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సు దాకా ఆమె పెట్టె మోసింది అన్నే. "మల్ల ఒస్తుండు పిన్నీ" అన్నాడు. అంతకుముందెన్నడూ ఆమెను వరస పెట్టి పిలిచింది లేదు.

"ఏ ఇంటికి రమ్మంటావయ్యా" అంది ఆమె, కోపమేమీ లేకుండా.

కోరుకున్న రాష్ట్రం వచ్చింది, అందుకు నాకు ఈనాటికీ సంతోషమే. నన్ను అంతలా ఏడిపించిన లెక్క ఇప్పటి పిల్లలకు ఒక పూట పని, అదీ మంచిదే. మెట్రోలో కొత్తపేట దాటేటప్పుడు మాత్రం మా సందు వైపు చూడటం మానేశాను.