బాపు జారిపడ్డ మగ్గం గుంత

మా చిన్నప్పుడు... బాపు అరబ్బు దేశంలోని ఏడెన్ రేవు నుంచి తిరిగొచ్చిన రోజు, తమ్ముడు ఆయన్ని చూసి "అమ్మా, ఎవలో సేటు వచ్చిండు" అంటూ లోపలికి ఉరికాడు. వాడి తప్పేం లేదు. బాపు ఓడ ఎక్కినప్పుడు వాడింకా పాలు తాగే పిల్లాడు.

మాది నకిరేకల్ దగ్గర నేతవాళ్ల వాడ. నూలుకు నూనె పట్టించి మేం నేసే నూనె రుమాళ్లను అరబ్బులు తలకు చుట్టుకునేవారట. సరుకు మంచిచెడ్డ తెలిసిన మనిషి కావాలని బొంబాయి సేటు ఒకాయన బాపును సముద్రం దాటించి తన దుకాణంలో పెట్టుకున్నాడు. ఏడాదిలో వస్తానన్న మనిషి... ఇక్కడ రజాకార్ల దాడులు మొదలై, జాబులు కూడా ఆగిపోయి, మూడేళ్లకు, పోలీస్ యాక్షన్ అయ్యాక ఇల్లు చేరాడు.

ఆ మూడేళ్లూ మా కడుపులు నింపింది అమ్మే. మా వాడలో ఆడవాళ్లు రాట్నం మీద కండెలకు నూలు చుట్టడం వరకే, మగ్గం మగవాళ్లది. అమ్మ ఎవర్నీ అడక్కుండా, మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి కూర్చుంది. చూసి నేర్చుకున్న పనే... ఆమె రుమాలుకు వంక పెట్టినవాడు లేడు.

బాపు రాగానే పక్కింటి ఈదయ్య తాత వచ్చి "మొగోడొచ్చిండు గదా, ఇగ మగ్గం ఇడువు బిడ్డా" అన్నాడు. అమ్మ ఆ పూటే లేచి రాట్నం ముందు కూర్చుంది. కళ్లు మాత్రం మగ్గం మీదే! నాకు ఆ తాత మీద ఒళ్లు మండింది.

ఇక బాపు అవస్థ చూడాలి... బావి నిండా నీళ్లున్నా అరచెంబుతో మొహం కడుక్కునేవాడు. అక్కడ నీళ్లు కొనుక్కోవాలట. జొన్నరొట్టె నమల్లేక నానబెట్టుకునేవాడు. పొద్దున్నే చాయ్ అడిగేవాడు, మా వాడలో చాయ్ మొహం చూసినవాళ్లే లేరు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

మూడోనాడు మగ్గం దగ్గరికి వెళ్లాడు. చిన్నప్పటి నుంచి దిగిన గుంతే కదా, చూడకుండా కాలు పెట్టాడు... అడుగు అందక దబ్బున లోపల పడ్డాడు. మోకాలు దోక్కుపోయింది.

"ఎవలు తవ్విండ్రు గింత లోతు? మగ్గం గుంతనా, జొన్నల పాతరనా గిది?" అని కేకలేశాడు.

నేనే చెప్పాను.

"అమ్మనే తవ్వింది బాపూ. రజాకార్లొస్తే నేను, తమ్ముడు అడుగున ముడుసుకొని పండుకునేది. మా మీద గోనెసంచి కప్పి, పైన కాళ్లాడిచ్చుకుంట అమ్మ నేసేది. ఇల్లంత దేవులాడినా మేం దొరకలే."

బాపు గుంతలోనే లేచి నిలబడ్డాడు. గుంత గోడకు నేను పుల్లతో గీసిన ఓడ బొమ్మ కనిపించింది ఆయనకు. నేనెన్నడూ ఓడ చూడలేదు, అందుకే దానికి చక్రాలు పెట్టాను. దాన్ని వేలితో తడిమాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

మర్నాడు పొద్దున్నే తలుపు బార్లా తెరిచి, వాడంతా చూస్తుండగా రాట్నం ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"గుంత నీది. నువ్వే నెయ్యి. నేను కండెలు చుడుత" అన్నాడు అమ్మతో.

ఈదయ్య తాత ఊరుకుంటాడా! "ఏందిరా, సముద్రం దాటిపోయి ఆడోళ్ల పని నేర్సుకొచ్చినవా?" అన్నాడు.

బాపు తల ఎత్తలేదు. "ఇంకా రాలే తాతా... నేర్సుకుంటున్న."

నిజంగానే రాలేదు. పోగులు టపటపా తెగేవి. అమ్మ మగ్గంలోంచి చూసి నవ్వేది... మూడేళ్లలో అమ్మ నవ్వు వినడం అదే మొదలు. ఎంత పెద్ద మనసయ్యా మా బాపుది!

తర్వాత తనకు వేరే మగ్గం వేసుకున్నాడు గానీ అమ్మ గుంతను ఎవర్నీ పూడ్చనివ్వలేదు. వాళ్లిద్దరూ పోయాక మేమే పూడ్చాం. ఇప్పుడా జాగాలో టైల్స్, మీద సోఫా. మగ్గం చప్పుడు మా వాడలోనే లేదు.

నాకు ఎనభై దాటాయి. మనవరాలు ఫోనులో ఇదంతా రాసిపెడుతోంది. మీ ఇళ్లల్లోనూ ఇట్లా రాట్నం ముందు కూర్చున్న మొగవాళ్లుంటే చెప్పండి, చదివించుకుని వింటాను... ఆ సోఫా దగ్గరికి వచ్చేసరికి నేనింకా ఒక అడుగు చూసుకునే వేస్తాను.