సీసాకో గుప్పెడు యూరియా

మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే నాకు నా నీడ మీద కూడా అనుమానమే. కాదనను. తణుకు దగ్గర రెండెకరాలు పదకొండేళ్ళుగా కౌలుకి చేస్తున్నాను. ఆ సంగతి చెప్పే కాగితం ముక్క మాత్రం ఎక్కడా లేదు. భూమి గల ఆసామి గారికి రాజమండ్రిలో ఉద్యోగం. ఏటేటా నోటిమాట మీదే కౌలు. కాగితం మీద కౌలుదారు పేరు పడితే రేపు భూమే తనదంటాడేమోనని ఆయన భయం. పేరు పడిన మర్నాడే చేను ఇంకొకరికి ఇచ్చేస్తారని నా భయం. పక్క చేను చేసేవాడికి అలాగే పోయింది, సర్కారిచ్చే కౌలు కార్డుకి భూమి గలాయన సంతకం అడిగిన పాపానికి. ఇలా బతికేవాడు అనుమానపడకపోతే ఇంకెవరు పడతారు?

మొన్న దాళ్వాలో, రెండో పంట నాట్లయిన కొన్నాళ్ళకి, ఒకమ్మాయి వచ్చింది. వ్యవసాయ కాలేజీలో పరిశోధన చేస్తోందట. వెంట అడుగు కోసేసిన కూల్‌డ్రింక్ సీసాలు, తెల్ల స్పాంజి ముక్కలు, ఒక రిజిస్టరు. చేలో చల్లిన యూరియాలో కొంత అమ్మోనియా అయి గాలిలో కలిసిపోతుందని, అది ఎంతో కొలవాలని, గట్టు పక్కన రెండు చిన్న మడులు ఇమ్మని అడిగింది. ఒకదాంట్లో మామూలుగా యూరియా చల్లాలి. రెండోదాంట్లో అసలు చల్లకూడదు.

ఊరికే రారు మహానుభావులు అనుకుని ఆసామి గారికి ఫోన్ చేశాను. పెట్టుకోనీ, కాలేజీవాళ్ళతో పరిచయం మంచిదే అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నీ పేరు మాత్రం ఎక్కడా రాయించకు," అన్నారు. రిజిస్టరులో రైతు పేరు దగ్గర ఆయన పేరే రాయించాను. మరి మీరెవరండీ అని ఆ అమ్మాయి అడిగితే, చూసుకునేవాణ్ణని చెప్పాను.

సీసాల్ని వరి దుబ్బుల మధ్య పుల్లలకి కట్టి నిలబెట్టింది, తెగిన అడుగు నీళ్ళకి వేలెడు పైన ఉండేలాగ. లోపల యాసిడ్‌లో తడిపిన స్పాంజి వేలాడుతుంది. కిందనుంచి లేచే అమ్మోనియాని ఆ యాసిడ్ పట్టుకుంటుందట. రెండ్రోజులకోసారి స్పాంజి మార్చి, పాతదాన్ని డబ్బాలో పెట్టుకెళ్ళి కాలేజీలో పరీక్ష చేస్తే ఎంత పట్టిందో తేలుతుంది. పేడదిబ్బ కెలికినప్పుడు ముక్కుకి ఘాటుగా తగులుతుందే, అదేనండి బాబాయ్ గారూ అంది. నాకు అర్థమయ్యేలాగే చెప్పింది. అదే నాకు నచ్చలేదు. అంత ఓపిగ్గా చెప్పేవాళ్ళు చివర్లో ఏదో ఒకటి అడుగుతారు.

ముందు నాకొచ్చిన అనుమానం, గాలిలో పోతోందని తేల్చి మాకిచ్చే యూరియా బస్తాలు తగ్గించేస్తారని. దాన్ని మించింది ఇంకోటి పట్టుకుంది. యాసిడ్ పట్టుకుంటుందని ఆ అమ్మాయే కదా చెప్పింది. పట్టుకునేది లాగకుండా ఊరుకుంటుందా? పొద్దస్తమానం చేలో వేలాడుతూ మట్టిలో బలమంతా పీల్చేస్తుంది. నాలుగు రోజులయ్యాక, యూరియా వెయ్యని మడి పసుపు తిరిగింది. యూరియా పడకపోతే ఏ చేనైనా పసుపు తిరుగుతుందని నాకు తెలియక కాదు. అయినా నేరం సీసాదే అనిపించింది. పైగా ఆ మడి రోడ్డు పక్కనే ఉంది. ఆసామి గారు కారు దిగగానే ముందు కనపడేది అదే. వీడికి వ్యవసాయం చేతకావట్లేదని ఆయన అనుకుంటే, కౌలు పోవడానికి కాగితం కూడా అక్కర్లేదు.

అందుకని ఆ అమ్మాయి స్పాంజి మార్చి అటు వెళ్ళగానే, నేనిటు దిగి సీసాకో గుప్పెడు యూరియా చల్లేవాణ్ణి. రెండు మడుల్లోనూ. పసుపు తిరిగినదాంట్లో గుప్పెడు కాస్త పెద్దదిగా, బాలింతకి పథ్యం పెట్టినంత శ్రద్ధగా చల్లాను. మా ఆవిడ చూసి, కందకి లేని దురద కత్తిపీటకెందుకంది. భూమి ఆయనది, సీసాలు ఆ పిల్లవి, మధ్యలో నీ బాధేంటని. నేను వినలేదు.

స్పాంజిలు మార్చడం అయిపోయి, సీసాలు చేలోనే వదిలి వెళ్ళిన నెలకి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. మొహంలో కళ లేదు. యూరియా వెయ్యని మడిలోనే అమ్మోనియా ఎక్కువ వచ్చిందట. సీసాలు తారుమారు చేశావో, అంకెలు ఇంట్లో కూర్చుని రాశావో చెప్పమని వాళ్ళ సారు నిలదీశారట. సరైన కారణం చూపించకపోతే వచ్చే దాళ్వాలో మొత్తం మొదటినుంచీ చెయ్యాలి. వింటూంటే నా చెయ్యి దానంతటదే తువ్వాలుకేసి తుడుచుకుంటోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

తెలిసే వచ్చిందేమో అనుకున్నాను. నా నోటితోనే చెప్పించడానికి ఈ ఏడుపు మొహం పెట్టిందేమో. గట్టుమీద నిలబడి అలాగే చూశాను. ఆ పిల్ల కింద కూర్చుని, ఒక్కో సీసా మీద తను వేసిన నంబరుని తడివేలితో రుద్ది, చెరిగిపోయిందేమోనని చూసుకుంటోంది. నటించేవాళ్ళు అంత చిన్న పని చెయ్యరు. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

"సీసాకో గుప్పెడు నేనే చల్లానమ్మా," అన్నాను.

తిట్టలేదు. ఎన్నిసార్లు, ఏ రోజుల్లో, ఎంత గుప్పెడు అని అడిగి రాసుకుంది. నా గుప్పెట్లో ఇసుక పోయించి డబ్బాలోకి వంపుకుంది కూడా. అంతా అయ్యాక, ఈ మాట కాగితం మీద ఉంటే తప్ప సారు నమ్మరంది. ఆసామి గారి పేరుతో రాసుకోమన్నాను.

"చల్లింది ఆయన కాదు కదండీ బాబాయ్ గారూ. పొలం ఎవరు చేస్తున్నారో వాళ్ళే సంతకం పెట్టాలి."

 పదకొండేళ్ళు తప్పించుకు తిరిగింది ఇక్కడికొచ్చి నిలబడింది. సీసాలూ స్పాంజిలూ అంతా నా పేరు కాగితం ఎక్కించడానికి ఆడిన నాటకమేనని ఒక్క క్షణం నిజంగా నమ్మాను. ఈ కాగితం ఎవరు చూస్తారని అడిగాను. సారు చూస్తారు, తర్వాత ఫైల్లో ఉంటుందంది. ఆసామి గారు అడిగితే? ఆయన భూమి కాబట్టి అడిగితే చూపించాలండీ అంది. ఎవరూ చూడరని చెప్పి ఉంటే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు.

ఈ పొలం సాగు చేస్తున్న నేను, యూరియా వెయ్యకూడని మడిలో కూడా సీసాల చుట్టూ వేశాను అని రాసింది. కింద సంతకం పెట్టాను. పెట్టాక, అచ్చంగా అలాగే ఇంకోటి రాసిమ్మన్నాను, నాకు. ఎందుకని అడగకుండా రాసి, తన సంతకం కూడా పెట్టి ఇచ్చింది.

ఆసామి గారు ఇంకా ఏమీ అడగలేదు. ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా నా కళ్ళు ట్రంకుపెట్టె వైపు పోతాయి. కాగితం అందులో, పాత విత్తనాల బస్తాల చీటీల కింద ఉంది. చించి పారెయ్యమంటుంది మా ఆవిడ. చించను. పదకొండేళ్ళలో ఇరవై రెండు పంటలు తీశాను, ఒక్క పంటకీ నా పేరు లేదు. ఈ పొలం చేసేది నేనేనని రాసి ఉన్న కాగితం అదొక్కటే, అదీ నేను చేసిన వెధవ పని గురించి.