జీవమ్మ ముక్కు కేసు

కర్నూలు బస్టాండు వెనక సందులో వీరభద్ర మెస్సుకు పేరు తెచ్చింది వీరభద్ర కాదు, లోపల పొయ్యి దగ్గర నిలబడే జీవమ్మ. ఆమెది ఓర్వకల్లు పక్క పల్లె. మొగుడు క్వారీలో చనిపోయాక పట్నం చేరింది. రాగి సంగటి, పొట్టేలు కూర, ఊరుబిండి పచ్చడి అన్నీ ఆమె చేతివే. కూర ఉడుకుతుంటే మూత తీసి, ఆవిరిని చేత్తో ముఖం మీదికి తోసుకునేది. "ధనియాలు ఇంకా పచ్చిగానే ఉండాయి" అనేది. కాసేపటికి మళ్లీ వాసన చూసి దించమనేది. గరిటెతో నోట్లో వేసుకుని చూడటం ఆమెకు అలవాటు లేదు.

వంట ఎవరు చేస్తారని అడిగితే వీరభద్ర "మా ఇంటామె చూసుకుంటాది" అనేవాడు. కాలనీ నుంచి వచ్చిన కిరస్తానీ మనిషి వండుతుందని తెలిస్తే కొందరు గడప తొక్కరని అతని భయం. గోడ అవతల నుంచి ఆ మాట ఏళ్ల తరబడి వింది జీవమ్మ. చివరికి ఒకరోజు కొంగు దులుపుకుని బయటికొచ్చి, అదే సందు చివర తన పేరు మీదే మెస్సు పెట్టింది. మసాలా నూరే తిరుపతమ్మ కూడా ఆమె వెంట వచ్చేసింది. బోర్డు మీద పేరు చూసి వెనక్కి తిరిగినవాళ్లు లేకపోలేదు. కానీ కూర రుచి మరిగినవాళ్లే ఎక్కువ. వాళ్లంతా సందు చివరిదాకా నడిచి వచ్చారు.

ఒక మధ్యాహ్నం, జనం తిని వెళ్లాక, జీవమ్మ పెరట్లో గిన్నెలు తోముతుంటే వీరభద్ర వచ్చాడు.

"నా ఉప్పు తిని నా గిరాకీ ఎత్తుకుపోతావేమే?"

జీవమ్మ లేచి నిలబడింది. "నీ ఉప్పు నేను యాడ తిన్నానప్పా? నా చేతి వంటనే నువ్వు నీ పెండ్లాం పేరు చెప్పి అమ్ముకున్నావు."

అతను రెండు చేతులతో ఆమెను వెనక్కి తోశాడు. తల వెనక భాగం బట్టలుతికే బండకు కొట్టుకుంది. చుక్క రక్తం రాలేదు. గడపలో ఉన్న తిరుపతమ్మ అంతా చూసింది. వీరభద్ర ఆమె వైపు ఒకసారి తేరిపార చూసి వెళ్లిపోయాడు.

రెండురోజులు తలనొప్పితో పడుకుని లేచిన జీవమ్మ పొయ్యి వెలిగించి పోపు వేసింది. ఆవాలు చిటపటలాడాయి. ఇంగువ వేసింది. ఏమీ లేదు. వెల్లుల్లి వేసింది, అది మాడి నల్లబడటం కళ్లకు కనపడింది తప్ప ముక్కుకు తెలియలేదు. ఎండుచేప తెచ్చి ముక్కుకు ఆనించుకుంది. అదీ చెక్కముక్కలాగే ఉంది. ఆరోజు కూర తిన్నవాళ్లు సగం విస్తట్లోనే వదిలి లేచారు.

స్టేషనులో ఫిర్యాదు రాసుకున్నాయన నవ్వాడు. "ముక్కు ఉన్నచోటే ఉండాది కదమ్మా. ఇంకేం పోయింది?" చిన్న తగాదా కింద రాసి పంపించేశాడు.

ముక్కు చెవి గొంతు డాక్టరు హర్షిణి మాత్రం నవ్వలేదు. కళ్లు మూయించి కాఫీపొడి, లవంగం, సబ్బు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టింది. జీవమ్మ అన్నిటికీ లేదనే తల ఊపింది. తరువాత ఒక సీసా మూత తీసి పెట్టగానే ఆమె తల వెనక్కి లాక్కుంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డాక్టరు అది కూడా రాసుకుని తలకు స్కాన్ తీయించింది. తల వెనక ఎముకలో సన్నని చీలిక కనిపించింది.

"ముక్కు లోపల పైకప్పులో, రెండు కళ్లకు మధ్య, జల్లెడలాంటి పల్చని ఎముక ఉంటుందమ్మా. వాసన నరాలు సన్నని పోగుల్లా దాని కన్నాల్లోంచి మెదడులోకి వెళ్తాయి. మీ తల బండకు తగిలినప్పుడు లోపల మెదడు ఒక్కసారిగా కదిలింది. ఆ కుదుపుకు పోగులు తెగాయి."

"మరి నాలుక బాగానే ఉండాది కదమ్మా. కూర సప్పగా ఎందుకుండాది?"

"నాలుకకు తెలిసేది ఉప్పు, పులుపు, తీపి, చేదు, మాంసంలో ఉండే కమ్మదనం. అంతే. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కుదే. నమిలినప్పుడు గొంతు వెనక నుంచి వాసన పైకి వెళ్తుంది. మీకు ఆ దారి తెగిపోయింది."

"మళ్లీ వస్తాదా?"

"కొందరికి కొంత వస్తుంది. మీకు వస్తుందని మాట ఇవ్వలేను."

జీవమ్మ ఏడవలేదు. ఆ క్షణం నుంచి ఆమె కడుపులో ఒకటే కోరిక. వాడు తన మెస్సుకు తన చేత్తోనే తాళం వేసుకోవాలి, అది తను చూడాలి.

మార్కెట్లో ఒకసారి వీరభద్ర ఆమె ముందే నిలబడి ఉల్లిగడ్డలు బేరమాడుతున్నాడు. ఆమె చేతిలో అప్పుడే కొన్న కారంపొడి పొట్లం ఉంది. అతను ఇటు తిరిగితే చాలు. పొట్లం మూతి విప్పింది కూడా. అప్పుడు తట్టింది, కళ్లు మండి కేకలేస్తే జాలి వాడికి పోతుంది, బేడీలు తనకు పడతాయని. పొట్లం కట్టేసి ఇంటికి నడిచింది.

కేసుకు సాక్షి కావాలి. తిరుపతమ్మ నోరు తెరవలేదు. ఆమె మొగుడు తోలే ఆటో వీరభద్రది. ఒక ఉదయం తిరుపతమ్మ మెస్సులోకి అడుగుపెట్టేసరికి గది నిండా గ్యాసు వాసన గుప్పుమంది. జీవమ్మ ఏమీ తెలియకుండా అగ్గిపుల్ల తీసి పట్టుకుని నిలబడి ఉంది. తిరుపతమ్మ దూకి ఆమె చేతిని కొట్టింది. సిలిండరు కట్టేసి, తలుపులు తెరిచి, ఇద్దరూ వీధిలో కూలబడ్డారు. తిరుపతమ్మ అంది:

"ఆటో పోతే పోనీలే అక్కా. నేను చూసింది చూసినట్టు చెప్తా."

సర్కారు వకీలు స్కాన్ చూసి కేసును పెద్ద గాయం కింద మార్పించాడు. "కన్ను పోతే చట్టం పెద్ద గాయమంటుంది. చెవి పోయినా అంటుంది. వాసన మాటే అందులో లేదు. ఎముక చిట్లింది కాబట్టి ఆ దారిన పోదాం" అన్నాడు.

"కన్నూ చెవీ దేవుడిచ్చినవి, ముక్కు నేను సంతలో కొనుక్కున్నదా?" అంది జీవమ్మ.

వాయిదాలు నడిచాయి. ప్రతి వాయిదాకూ జీవమ్మ ముందు బెంచీలో వీరభద్రకు ఎదురుగా కూర్చునేది. అతను తల దించుకునేదాకా చూపు తిప్పేది కాదు. మధ్యలో రాజీ కోసం అతని మనుషులు చర్చి పాస్టరు శామ్‌ను పట్టుకున్నారు.

"క్షమించమనేది మన ప్రభువు మాట కదా జీవమ్మక్కా" అన్నాడాయన.

"అయ్యగారూ, వాడు నా ముందుకొచ్చి తప్పు చేసినానని ఒక్కసారన్నా అన్నాడా? అడగనోనికి నేనెందుకు ఇయ్యల్ల?"

పాస్టరు వెళ్లి రాజీ కుదరదని వాళ్లకు చెప్పేశాడు.

సాక్ష్యంలో తిరుపతమ్మ చూసింది చూసినట్టే చెప్పింది. తరువాత డాక్టరు హర్షిణి బోనెక్కింది. వీరభద్ర వకీలు ఆమె నివేదిక పట్టుకుని లేచాడు.

"అమ్మోనియా సీసా పెడితే ఈమె ఉలిక్కిపడిందని మీరే రాశారు. అంటే వాసన తెలుస్తున్నట్టేగా?"

వీరభద్ర ముఖం విప్పారింది.

"కాదండీ" అంది డాక్టరు. "అమ్మోనియా ఘాటును ముక్కులో పట్టేది వాసన నరం కాదు, ముఖానికి నొప్పి, స్పర్శ తెలిపే వేరే నరం. మిరపకాయ మంట తెలిసేదీ దానితోనే. అది ఈమెకు బాగానే ఉంది. వాసన పోయిందని నటించేవాళ్లు సాధారణంగా దీనికి కూడా ఏమీ తెలియట్లేదనే అంటారు. ఈమె దాచలేదు. అందుకే ఈమె మాట నమ్మాను."

వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

వీరభద్రకు జైలు శిక్ష పడింది. పై కోర్టుకు పోయాడు. అక్కడ అతని అప్పీలు కొట్టేశారు. లొంగిపోవడానికి వెళ్లేరోజు అతను మెస్సు తలుపులు వేస్తుంటే జీవమ్మ ఎదురు అరుగు మీద కూర్చుని చూసింది. తాళం సరిగా పడక రెండుమూడుసార్లు గుంజాడు. ఆమెను చూసి, "ఇప్పటికైనా కడుపు నిండిందా?" అన్నాడు.

"నిండింది" అంది జీవమ్మ. "శానా బాగుండాది."

ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. పగ తీరాక మనసు ఖాళీ అయిపోతుందని పాస్టరు ఒకప్పుడు అన్నాడు గాని, ఆమెకు అలా అనిపించలేదు. వాసన మాత్రం తిరిగి రాలేదు. మెస్సులో ఇప్పుడు పొయ్యి దగ్గర తిరుపతమ్మ వాసన చూసి చెప్తే, చేయి జీవమ్మది ఆడుతుంది. తిన్నవాళ్లు కూర మెచ్చుకుంటే ఆమె తల ఊపుతుంది. తను తినేటప్పుడు మాత్రం అన్నంలో పచ్చిమిరపకాయ ఒకటికి రెండు కొరుక్కుంటుంది. నోరు మండుతుంటే, తింటున్నట్టైనా తెలుస్తుందట.