వాసన లేని ఇసుక: అంతర్వేది సముద్ర స్నానం, సొరల సంగతి

మొక్కు మా అమ్మది, ప్రాణం నాది. పోయిన మాఘంలో విషజ్వరం వచ్చి నేను మంచానికి అతుక్కుపోతే, నన్ను నా భార్యకు అప్పగించి, అమ్మ కొత్తపేట ఆడవాళ్ళతో కలిసి అంతర్వేది తీర్థానికి వెళ్ళింది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట నిలబడి, కొడుకు బతికితే వచ్చే ఏడు వాణ్ణి వెంటబెట్టుకుని వస్తానని, భీష్మ ఏకాదశినాడు సూర్యోదయానికి సముద్రంలో మూడు మునకలు వేస్తానని మొక్కుకుంది. నేను బతికాను. తీరా బయలుదేరే వారంలో, అక్కడ స్నానాల రేవులో సొరచేపలు తిరుగుతున్నాయన్న కబురు వచ్చింది. ఈ ఏడు మానుకుందామని నేను బతిమాలాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాను కూడా. దేవుడితో బేరాలేమిట్రా అని అమ్మ మూట కట్టేసింది.

ఈ దారిన వెళ్ళదలచిన వారి కోసం వివరంగా రాస్తున్నాను. కొత్తపేట నుంచి కోడి కూసే వేళకు ఎడ్లబండి ఎక్కితే ఎండ ఎక్కకముందే వశిష్ఠ గట్టుకు చేరవచ్చు. అక్కడి నుంచి పడవ. కేవు, అంటే పడవ కూలి, మనిషికి రెండణాలు, తీర్థం రోజుల్లో ఇంకొంచెం అడుగుతారు. కుంఫిణీ వారు ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టినప్పటి నుంచి మాఘానికే ఏరు సన్నబడిపోతోంది, పడవ మాటిమాటికీ ఇసుక మేటల మీద కూర్చుంటుంది. కూర్చున్నప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. నేను నిలబడితే పడవ కదులుతుందా? అయినా కూర్చోలేకపోయాను. పడవ నడిపే వెంకన్న రెండు మూడుసార్లు చూసి, చివరికి నా చేతికి ఒక గెడ ఇచ్చాడు.

సొర మాట నిజమేనా అని అతణ్ణి మెల్లగా అడిగాను, అమ్మకు వినబడకుండా.

"ఆయ్, నిజమేనండి. నడుంలోతులో ఉండగా ఒకాయన పిక్క పట్టేసిందండి. మనిషి బతికేరు గానీ, ఆ కాలు ఇంక ఆయనది కాదండి."

అమ్మకు అన్నీ వినబడతాయి. పడవలో ఉన్న ఒక పెద్దాయన, సొర పాపం చేసిన వాళ్ళనే పట్టుకుంటుందని సిద్ధాంతం చెప్పాడు. అయితే నాకేం భయమని అమ్మ తమలపాకులు తీసింది. ఆ రాత్రికి రాజోలు రేవులో ఆగాం. అక్కడ సత్రంలో అన్నం, పప్పు, కందాబచ్చలి కూర పెట్టారు. మంచి కూరే. నాకు ఒక్క ముద్ద దిగలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక అంతర్వేది చేరాం. ఒడ్డంతా యాత్రికుల తాటాకు పందిళ్ళు. మాకు చోటు జాలర్ల గుడిసెలకు దగ్గరలో దొరికింది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగి, కొంచెం ఆగి, కొంగు తీసేసింది. పోయినేడు ఇక్కడ ఇసుక మీద అడుగు పెడితే చేపల పేగులేనట, కడుపులో తిప్పేదట. ఈసారి అద్దంలా ఉంది, బుద్ధి వచ్చింది వీళ్ళకి అని సంబరపడింది.

నాకు పందిట్లో కాలు నిలవలేదు. జాగ్రత్తలేం తీసుకున్నారో చూద్దామని ఏటి ఒడ్డుకు వెళ్ళాను. నిజం చెప్పాలంటే బాగానే తీసుకున్నారు. స్నానాల చోటు చుట్టూ నీళ్ళలో వెదుళ్ళు పాతి, అర్ధచంద్రంలా వల కడుతున్నారు. ఒక మనిషి తాటిచెట్టెక్కి నీళ్ళు చూస్తూ ఉంటాడట. సొర రెక్క కనబడితే కేకేస్తాడు, కింద డప్పు మోగుతుంది, అందరూ బయటికి వచ్చెయ్యాలి. అంతా బాగుంది కానీ, నాకు అర్థం కానిది ఒకటి కనబడింది. ఏరు సముద్రంలోకి దిగేచోట, సరిగ్గా వలకు అవతల, గద్దలూ నీటికాకులూ మూగి గోల చేస్తున్నాయి.

అక్కడ బుట్ట కడుక్కుంటున్న ఒక నడివయసు జాలరామెను అడిగాను. పేరు పోలమ్మ. ఎప్పుడూ చేపలు కోసి పేగులు ఇసుకలో గొయ్యి తీసి పూడ్చేవారట, పైపైన పూడ్చిన చోట కుక్కలు తవ్వి లాగేవట. పోయినేడు తీర్థానికి వచ్చిన పెద్దింటి ఆడవాళ్ళు వాసనకు చీదరించుకుని, దేవుడి రేవులో ఈ పాడు పనేమిటని మందలించారట. అప్పటి నుంచి ఒడ్డు మీద ఒక్క పేగు పడనివ్వకుండా, అన్నీ పైన ఏట్లో కలిపేస్తున్నారట. సముద్రం వెనక్కి తీసే వేళ ఏటి పాటు వాటిని తెచ్చి ఇక్కడే వదులుతోంది. రేవులో కాలు పోయిన మర్నాడు గానీ ఎవరికీ ఆ మాట తట్టలేదు, మొన్ననే మానేశారు. రుచి మరిగిన సొర మానలేదు.

నా వెనకే వచ్చి అమ్మ అంతా విన్నది. పోలమ్మ తలెత్తి చూసి, గుర్తుపట్టి, లేచి నిలబడింది.

"తమరేనండి అమ్మగారూ చెప్పింది. మాకూ సబబే అనిపించిందండి. పాటు ఎటు లాగుద్దో పుట్టిన కాణ్ణించీ చూస్తన్నాం, అయినా ఆలోచించలేదండి."

అందులో దెప్పు లేదు, అదే కష్టం. అమ్మ పందిట్లోకి వెళ్ళి కూర్చుంది. రేపు మధ్యాహ్నం పోటు వచ్చి నీళ్ళు తేటపడ్డాక మునుగుదువుగానిలే అన్నాను. సూర్యోదయానికని మొక్కుకున్నాను, నీ ప్రాణం మీద మొక్కు, మాట మార్చను అంది.

పొద్దు పొడుస్తుండగా దిగాం. పాటు మొదలవుతోంది, నీళ్ళు బురదగా ఉన్నాయి. పోలమ్మ తానే వచ్చి వల పక్కన మొలలోతులో నిలబడింది. అమ్మ వల తాడు పట్టుకుంది. నీచు వాసన కొట్టే తాడు, రెండు చేతులా పట్టుకుంది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను, సముద్రం వైపు తప్ప ఎటూ చూడటం లేదు. ఒక మునక. నా పేరు చెప్పుకుని రెండో మునక. తల పైకెత్తేలోగా తాటిచెట్టు మీద నుంచి కేక, వెంటనే డప్పు. వలకు అవతల రెక్క ఒకటి నీటిని చీల్చుకుంటూ వెళ్ళింది. వెదురు ఒకటి ఒరిగిపోయింది. నేను ఆ రెక్కనే చూస్తూ నిలబడిపోయాను. పోలమ్మ అమ్మ మణికట్టు పట్టుకుని ఒడ్డుకు లాగింది. ఒక్కటే మిగిలిందని అమ్మ అరుస్తూనే ఉంది.

ఇసుక మీద కూలబడి అమ్మ ఏడ్చింది. నా జ్వరంలో కూడా ఆవిడ ఏడవగా నేను చూడలేదు. రెండు మునకలకు కొడుకు ఎంత దక్కుతాడో లెక్క వేసుకుంటున్నట్లు నా ముఖంలోకే చూసింది. అప్పుడు పోలమ్మ తన కుండ తీసుకుని అలల అంచుకు వెళ్ళి నింపుకుని వచ్చింది. వచ్చి, దూరంగా ఆగింది.

"ఇదీ సముద్రమేనండి. కుండే, చేపలు కడిగేదండి."

చుట్టూ యాత్రికులు చూస్తున్నారు. అమ్మ తల వంచింది.

"పొయ్యి పోలమ్మా. మావాడి పేరు చెప్పి పొయ్యి."

తిరుగు ప్రయాణంలో రాజోలు దాకా అమ్మ తలలో చేపల వాసనే. ఏట్లో కడుక్కోమన్నాను, ఇంటికి వెళ్ళాక చూద్దాంలే అంది. నేను పడవలో ఇంకా నిలబడే ఉన్నాను. ఇప్పుడు కూడా నీళ్ళ పక్కన ప్రశాంతంగా కూర్చోవడం నాకు చేతకాదు. శుభ్రం కోసం అన్న ఒక మంచి మాట, దాన్ని మన్నించిన మంచితనం, రెండూ కలిసి ఒకాయన కాలు తీసుకున్నాయి. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆయన తల్లి కూడా ఏదో మొక్కుకునే ఉంటుంది. వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే: అంతర్వేది ఇసుక మీద చేపల వాసన వస్తే ముక్కు మూసుకుని నిశ్చింతగా స్నానం చేయండి. వాసన రాకపోతే మాత్రం, పేగులు ఎక్కడ పారేశారో అడిగి అప్పుడు నీళ్ళలో దిగండి.