మొనలు తీసేసిన మూడో అధ్యాయం

విశ్వవిద్యాలయం వెనక గేటుకి ఎదురుగా, మెట్ల కింద ఇరుక్కున్నట్టుండే గదిలో ఆయన దుకాణం. బోర్డు మీద ‘థీసిస్ టైపింగ్, దిద్దుబాటు, బైండింగ్’ అని ఉంటుంది. ఆయన అసలు పేరు ఆ బోర్డు మీదా లేదు, జనం నోళ్లలోనూ లేదు. అందరికీ ఆయన కామాగారు. కామా తర్వాత ఖాళీ వదల్లేదని మూడు వందల పేజీలు మొహాన కొట్టినంత పని చేస్తే, ఒళ్లు మండిన ఓ విద్యార్థి పెట్టిన పేరది. వెక్కిరింతగా పుట్టి బిరుదులా అతుక్కుపోయింది.

కామాగారు థీసిస్‌లు చదవడు. చూస్తాడు, అంతే. మార్జిన్ ఎంత వదిలారు, అధ్యాయం పేరు ఏ సైజులో ఉంది, పాదసూచిక అంకె చుక్కకి ముందుందా వెనకుందా. పురుగుల మందు మీద రాసినా గ్రహాల మీద రాసినా ఆయనకి ఒకటే. “అర్థం గైడు చూసుకుంటాడు. అందం నేను చూస్తాను” అంటాడు.

వచ్చిన ఫైలు ముందు కాగితాల మీద అచ్చు తీస్తాడు. ఎర్ర పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాడు. అక్కర్లేని దాని మీద గీత, గీత చివర చిన్న సున్న. అంటే తీసెయ్ అని. ఆ కాగితాలు చూస్తూ భార్య కంప్యూటర్లో దిద్దుతుంది. తర్వాత బైండింగూ ఆవిడే. ఎర్రగీతల కాగితాలకి తాడు కట్టి అటక మీద పెడుతుంది. ఎవరైనా వచ్చి ‘నా వాక్యం ఏదండీ’ అని నిలదీస్తే చూపించడానికి. ముప్పై ఏళ్లలో నలుగురు కూడా అడగలేదు.

ఆయన ఎర్ర పెన్సిల్‌కి బాగా అలవాటైన చెత్త ఒకటుంది. విద్యార్థులు అధ్యాయాన్ని గైడుకి ఈమెయిల్లో పంపుతారు. గైడు జవాబిస్తాడు. ఆ జవాబులోంచే ముక్కలు ఎత్తి థీసిస్‌లో అతికిస్తారు. అప్పుడు ప్రతి వరస మొదట్లో పక్కకి తిరిగిన బాణం మొనలాంటి గుర్తు (>) ఒకటి మిగిలిపోతుంది, కొత్త చొక్కాకి అంటుకున్న దారప్పోగులా. పైగా వరసలు మధ్యలో తెగిపోయి ఉంటాయి. కామాగారు మొనలు కొట్టేసి, తెగిన వరసలు కలిపి, ముచ్చటైన పేరా చేస్తాడు. ఎవరూ అడగకుండానే చేసే పని అది. అందులో ఆయనకి కాస్త గర్వం కూడా.

ఈ గర్వం ఉన్న దుకాణానికే మెయిలమ్మ వచ్చింది. ఆ పేరు దుకాణంలో వీళ్లు పెట్టుకున్నదే. నలభై దాటిన మనిషి, ఒక ఆఫీసులో మెయిల్ సర్వర్లు చూసుకునే ఉద్యోగం. సెలవు రోజులన్నీ ధారపోసి ఎనిమిదేళ్లుగా థీసిస్ రాస్తోంది. ఒక ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ని తయారుచేసిన పది మంది, ఈమెయిళ్లలోనే పోట్లాడుకుంటూ దాన్ని ఎలా కట్టారన్నది విషయం. మూడో అధ్యాయం నిండా వాళ్ల ఉత్తరాలే.

“బాబాయ్‌గారూ, మూడో అధ్యాయం మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచండి” అంది ఫైలు ఇచ్చిన రోజు.

“అలాగేనమ్మా” అన్నాడు. అందరూ అనే మాటే అని ఆ మాట ఇటు విని అటు వదిలేశాడు.

మూడో అధ్యాయంలో ఎక్కడ చూసినా మొనలే. ఒక్కోచోట రెండేసి, మూడేసి. దిద్దుతున్న భార్య ఒకసారి ఆగింది. “ఏవండీ, ఇన్ని ఉన్నాయంటే కావాలని పెట్టిందేమో?”

“మెయిల్లోంచి ఎత్తి అతికించింది. చెత్తంతా వెంట వచ్చింది. తీసెయ్.”

తీసేసింది. తీసుకెళ్లే రోజు మెయిలమ్మకి ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. విషయసూచికా బొమ్మలూ తిరగేసి, ‘సరిచూసుకున్నాను’ అన్న చీటీ మీద సంతకం గీకి పరిగెత్తింది.

రెండు నెలలకి తిరిగొచ్చింది. చేతిలో పరీక్షల విభాగం ఉత్తరం. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“కాపీ కొట్టానంటున్నారు బాబాయ్‌గారూ. ఇరవై ఆరు చోట్ల.”

“కాపీయా? నువ్వా?”

“మెయిల్లో జవాబు రాస్తే, అవతలివాళ్ల మాట ముందు మొన పడుతుంది. అంతకుముందు మాటకి రెండు మొనలు. ఎవరి మాట ఎవరిదో తెలిసేది వాటివల్లే. పుస్తకంలో ఒక్క మొన లేదు. వాళ్ల మాటలన్నీ నా పేరాల్లో కలిసిపోయాయి. నేనే అన్నట్టున్నాయి!”

కామాగారు ముందున్న కాగితాలు పక్కకి జరిపాడు.

“నీ దగ్గర అసలు ఫైలు ఉంటుంది కదమ్మా?”

“చూపించాను. నిన్న కూర్చుని మొనలు పెట్టుకుని రాలేదని నమ్మకమేంటి అన్నారు. గురువారం కమిటీ ముందుకి రమ్మన్నారు. తేలకపోతే ఎనిమిదేళ్లూ బూడిదే. మీరు దిద్దిన కాగితాలు ఉంటాయట కదా?”

ఆయన చూపు ఎదురుగోడ మీదికి పోయింది. గుర్తింపు పొందిన దుకాణాల జాబితా అక్కడ అద్దంలో ఉంది. అందులో ఆయన దుకాణం మొదటిది. ఆ జాబితాలో లేని చోట తయారైన థీసిస్‌ని పరీక్షల విభాగం తీసుకోదు.

“ఉండవమ్మా” అన్నాడు. “నెల తిరిగేసరికి తీసేస్తాం.”

సూదిలో దారం ఎక్కిస్తున్న భార్య తలెత్తింది. మెయిలమ్మ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, మెట్ల పక్కనుంచి తల వంచుకుని వెళ్లిపోయింది.

ఆవిడ గేటు దాటాక భార్య అడిగింది. “అటక మీదున్నవి మన పెళ్లి శుభలేఖలా?”

“నీకు తెలియదు, ఊరుకో. సంతకం పెట్టిందిగా? చూసుకోవాల్సింది తను.”

“సంతకం తనదే. చెత్త అన్నది మీరు. మీట నొక్కింది నేను.”

“జాబితాలోంచి తీసేస్తే ఏం చేస్తాం?”

“పెళ్లిపత్రికలు కొడదాం. వాటినైనా చదువుతారేమో.”

ఆ మాట సూదిలానే దిగింది. మూడు రోజులు కామాగారు పెన్సిల్ పట్టుకున్నాడు గానీ గీత పడలేదు. ఎవరిదో రసాయనశాస్త్రం థీసిస్‌లో ఒక వరస మొదట మొన కనిపిస్తే చెయ్యి ఆగిపోయింది. ఇది చెత్తా, లేక ఎవరిదైనా మాటా? తెలియాలంటే చదవాలి. చదివితే అర్థం కాలేదు. ఇన్నేళ్లూ ఇలాంటివి ఎన్ని కొట్టేశానో అనుకుంటూ పెన్సిల్ పక్కన పెట్టేశాడు.

గురువారం పొద్దున భార్య కట్ట దింపి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

కమిటీ గదిలో ముగ్గురు ప్రొఫెసర్లు, బల్లకి ఇవతల మెయిలమ్మ. ఆయన కట్ట విప్పి మూడో అధ్యాయం ముందు పెట్టాడు. పేజీ పేజీకీ ఎర్రగీతలు, సున్నలు. ప్రతి గీత కిందా మొన స్పష్టంగా కనిపిస్తోంది.

“ఈ చేతిరాత నాదండి. ఉంచమని చెప్పింది. నేనే తీసేశాను. పక్కన తేదీ కూడా ఉంది.”

పెద్ద ప్రొఫెసర్ పేజీలు తిప్పాడు. “చదివితే తెలిసేది కదయ్యా, ఇవి వేరేవాళ్ల మాటలని?”

“చదవలేదండి.”

“చదవకుండా దిద్దుతారా?”

“ముప్పై ఏళ్లుగా అంతేనండి.”

అభియోగం ఎత్తేశారు. నెలలోపు ఈ ఎర్రగీతల కాగితాల ప్రకారమే సరిచేసి మళ్లీ ఇమ్మన్నారు. జాబితా సంగతి పరీక్షల విభాగం చూసుకుంటుందన్నారు. చూసుకుంది. సాయంత్రానికల్లా గుమాస్తా వచ్చి అద్దం వెనక కాగితం మార్చి వెళ్లాడు. కొత్తదాంట్లో ఈ దుకాణం లేదు.

అంతకుముందు, కమిటీ గది బయట వసారాలో మెయిలమ్మ ఆయన కోసం ఆగింది. కృతజ్ఞతేమీ చెప్పలేదు.

“మొన్న లేవన్నారు.”

“అన్నానమ్మా.”

“ఈ మూడు రోజులూ ఎలా గడిచాయో తెలుసా మీకు?”

“రేపు రామ్మా. ఒక్కొక్కటీ మళ్లీ పెట్టేస్తాను.”

“మీరు పెట్టొద్దు” అంది. “నేనే పెట్టుకుంటాను. మీరు ఆ కాగితాలు చూసి చదవండి.”

మర్నాడు వచ్చింది. అచ్చూ బైండింగూ జాబితాలో ఉన్న ఇంకో దుకాణంలో చేయించుకుంటానంది. భార్య లేచి కంప్యూటర్ ముందు కుర్చీ ఇచ్చింది. కామాగారు కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

“రెండు మొనలు. ‘ఈ మీట ఎవరూ నొక్కరు, తీసేద్దాం.’”

“ఊఁ.”

“ఒక మొన. ‘నేను రోజూ నొక్కుతున్నాను. నన్నెవరైనా అడిగారా?’”

మెయిలమ్మ మొన పెట్టి, తర్వాతి దాని కోసం చూసింది. ఆయన ఆగిపోయి ఉన్నాడు.

“ఏమైంది బాబాయ్‌గారూ?”

“ఇంతకీ ఆ మీట తీసేశారామ్మా?”

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

“చదవండి. తెలుస్తుంది.”